కప్పు తట్టే ద్రోహి

శాంతిరాజ్ హైదరాబాదు నుంచి గోదావరిఖనికి దిగింది పొగడ్తల కోసం కాదు. ఆ ఆదివారం వచ్చే తన సీరియల్ భాగాన్ని పెద్దబాపు సామ్యేల్ ఇంట్లో ఎవరూ చూడకుండా చెయ్యడానికి.

చంద్రుడి మీద బొగ్గులాంటిదేదో తవ్వే గని, అందులో పనివాళ్లు, భూమ్మీద యజమానులు. అదీ కథ. పనివాళ్ల రహస్యాలు యజమానులకు చేరవేసే కుట్రదారు వేషం శాంతిరాజ్‌ది. వాడు మంచోడా చెడ్డోడా అని ఇక్కడి షేర్ ఆటోల్లో వాదులాడుకుంటున్నారు. హీరో పేరైతే ఎవరికీ గుర్తు లేదు, పాపం.

ఆ వేషం మొత్తం సామ్యేల్ దగ్గర కొట్టేసిందే. గనిలో పనికి ముందు కర్రతో పైకప్పు తట్టి చూస్తారు. గట్టిగా మోగితే సరే, బోలుగా పలికితే కూలేలా ఉందని వెనక్కి. రిటైరై ఏళ్లయినా సామ్యేల్ ఏ ఇంటికి పోయినా తలుపు పైచెక్కను వేళ్లతో రెండుసార్లు తట్టి గానీ లోపల అడుగుపెట్టడు. చంద్రుడి మీది కుట్రదారు కూడా అంతే. అక్కడితో ఆగితే బాగుండేది.

పోయిన ఏడాది దవాఖానలో, ఇక బతకననుకొని, సామ్యేల్ శాంతిరాజ్‌కు ఒక సంగతి చెప్పాడు. పాత సమ్మెలో గని మునిగేలా నీళ్లు తోడే పంపులు ఆపేయాలని దోస్తు కొమురెల్లి పథకం వేస్తే, తానే పోయి ఆఫీసరు చెవిన వేశాడట. కొమురెల్లి నౌకరి పోయింది. సామ్యేల్‌కు గని పైన తేలిక డ్యూటీ దొరికింది. చెప్పింది ఆ పథకం తెలిసిన ఇంకో దోస్తు లింగమూర్తి అనుకొని కొమురెల్లి అతని చావుకు కూడా పోలేదు. ఎందుకు చెప్పావని శాంతిరాజ్ అడగలేదు. అడగాల్సిన ఆ ఒక్క మాట వదిలేసి, మంచి కథ దొరికిందని సంబరపడి సీరియల్ రచయిత చేతిలో పెట్టాడు. ఇప్పుడు దానికే సిగ్గుపడుతున్నాడు.

చర్చి నుంచి సామ్యేల్, పెద్దమ్మ సుగుణమణి వచ్చారు. ప్రతి ఆదివారంలాగే కొమురెల్లి కూడా చాయ్‌కి వచ్చాడు. టీవీ ఖరాబైందని శాంతిరాజ్ అన్నాడు. కొమురెల్లి టీవీ వెనక చెయ్యి పెట్టి, ఊడదీసి ఉన్న ప్లగ్గు చూసి, పిల్లగాడు సిగ్గుపడుతున్నాడని నవ్వి మళ్లీ తగిలించాడు.

తెర మీద కుట్రదారు యజమానుల గది ముందు ఆగి, తలుపు పైచెక్క రెండుసార్లు తట్టాడు. అచ్చం నువ్వేనని కొమురెల్లి సామ్యేల్ తొడ మీద చరిచాడు. కుట్రదారు లోపలికి పోయి, గాలి పంపులు ఆపబోతున్నారని చెప్పాడు. కొమురెల్లి నవ్వు ఆగిపోయింది.

"గీ ముచ్చట నీకెవరు జెప్పిన్రు కొడుకా?"

రచయిత రాశాడని శాంతిరాజ్ నసిగాడు.

"నేనే చెప్పిన," అన్నాడు సామ్యేల్. "ఆఫీసరుకు చెప్పింది సుత నేనే. ఆ దినం వీళ్ల బాపు వేరేటోని డ్యూటీకి దిగిండు. అడుగున ఉన్నడు."

కన్నతండ్రి బతికి బయటపడిన కథను అమ్ముకున్నానని శాంతిరాజ్‌కు అప్పుడే తెలిసింది.

"నాకు జెప్తే నేను పంపుల జోలికే పోకపోదును," అన్నాడు కొమురెల్లి.

"ఆగుతవని నమ్మలే."

"మరి పైన డ్యూటీ?"

"ఇచ్చిన్రు. తీసుకున్న."

"లింగమూర్తిని తిట్టుకుంట ఇన్నేండ్లు నీ ఇంట్ల చాయ్ తాగిన," అని కొమురెల్లి గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. సుగుణమణి వెనకనుంచి పిలిచినా తిరగలేదు.

క్షమించమని అడగడానికి శాంతిరాజ్ పెద్దబాపు కాళ్ల దగ్గర కూర్చున్నాడు. సామ్యేల్ అతని తల మీద చెయ్యి వేశాడు. టీవీ ఇంకా నడుస్తూనే ఉంది.

"మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నాడు. "అచ్చం నా లెక్కనే చేసినవ్."