చెట్టు తరఫున మాట్లాడవలసినవాడు

కాయని చెట్టును బెదిరించడానికి ఒక్క మనిషి చాలడు, ఇద్దరు కావాలి. రాజ్యాలు ఒక్కడి మాట మీద నడిచాయి, యుద్ధాలు ఒక్కడి కోపంతో మొదలయ్యాయి; కాని మా గోర్నా లెస్కా ఊళ్ళో గొడ్డుపోయిన చెట్టుకు శిక్ష వేయాలంటే మాత్రం అడిగేవాడొకడు, చెట్టు తరఫున బదులు చెప్పేవాడొకడు ఉండి తీరాలి. మనుషుల న్యాయస్థానాలకు ఈపాటి మర్యాద అబ్బడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

విధానం ఇది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం, భోజనానికి కూర్చునే ముందు, ఇంటి యజమాని గొడ్డలి పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, "కాస్తావా, నరకమంటావా?" అని మూడుసార్లు అడుగుతాడు. మాను వెనక నిలబడ్డవారు "నరకొద్దు, కాస్తాను" అంటారు. అప్పుడతడు గొడ్డలి తిరగేసి మానును మెల్లగా తట్టి లోపలికి వస్తాడు. బదులు చెప్పే అర్హత, ఆ చెట్టు నీడ ఎవరి నేల మీద పడుతుందో వారికే ఉంది. దారినపోయే దయామయులకు లేదు. మూడోసారికీ బదులు రాకపోతే గొడ్డలి పదును పసరు అంటకుండా పొడిగా ఇంటికి తిరిగి రాకూడదు. ఈ చివరి నిబంధన అవసరం మా ఊళ్ళో ఎవరికీ, ఎన్నడూ పడలేదు.

రాదుల్ పెరటి చెట్లన్నీ అతని భార్య నెదా పెంచినవే. ఆపిల్ కూడా కాయాలా వద్దా అని ఆలోచించుకునే మా కొండ మీద, ఆమె కుళ్ళితేనే రుచికి వచ్చే ముష్ములా కాయలు పండించింది. బాదం మొక్కకు ఏటా చలికాలంలో తన ఉన్ని శాలువా చుట్టేది. రాదుల్ భుజాలకు అంతటి ఆదరం దక్కలేదని ఊరి అభిప్రాయం. వీటన్నిటి మీదా చక్రవర్తిలా నిలిచింది అక్రోటు చెట్టు. పెళ్ళైన ఏడాది, కొండ కింది మైదానంలోని పుట్టింటి నుంచి నెదా దాన్ని గింజగా కొంగున కట్టి తెచ్చింది. చెట్టు ఇంటికప్పును దాటింది, కంచెను దాటింది, ఒక్క కాయ కాయలేదు. ఏటా మే నెలలో పూసేది. ఏటా మే నెలలో ఒక రాత్రి మంచు పడి పూతంతా నల్లబడేది.

క్రిస్మస్ ముందురోజు భోజనంలో ఇంటిల్లిపాదీ తలా ఒక అక్రోటు పగలగొట్టాలి. పప్పు తెల్లగా ఉంటే ఏడంతా మేలు, నల్లగా ఉంటే కీడు. నెదా సంతలో కొన్న కాయ పగలగొడుతూ, "వచ్చే ఏడు మన చెట్టుది" అనేది. అంతకుముందే పెరట్లో విచారణ ముగిసి ఉండేది. మాను వెనక నెదా నిలబడేది; అది మా వీధంతటికీ వినబడేది.

"కాస్తావా, నరకమంటావా?"

"నరకొద్దు, కాస్తాను."

"నిరుడూ ఇదే కూశావు!"

"నిరుడు నా మీద మంచు పడింది. నీమీద ఏం పడిందని ఇంట్లోకి కట్టెలు కొట్టి పెట్టవు?"

చెట్లకు ఇంత నోరుండటం అరుదు.

ఒక ఏడు రేగడి నేలలో దుంపలు తవ్వే రోజుల్లో నెదా చనిపోయింది. పండగ దగ్గరపడేసరికి రాదుల్ ఊరి అంగడి ముందు కూర్చుని గొడ్డలికి పదును పెట్టసాగాడు. తిరగేసి తట్టే గొడ్డలికి పదునెందుకో అందరికీ అర్థమైంది.

"ఈ ఒక్క ఏడూ అడగడం మానెయ్, అన్నా," అన్నాను ఎదురింటిదాన్నైన నేను.

"ఆవిడ ఉండగా ఒక్క ఏడన్నా మానానా, చెల్లెమ్మా? అడక్కపోతే, ఇంక నీతో పని లేదని చెట్టుకి చెప్పినట్టే."

"అడిగితే జవాబెవరు చెప్తారు?"

"చెప్పేవాళ్ళు లేకపోతే నియమం ఉంది కదా." ఆకురాయి మళ్ళీ కదిలింది.

నీడ నియమం ప్రకారం మిగిలిన అర్హుడు ఒక్కడే: కంచెకు అవతలి వ్లాయ్కో. అక్రోటు నీడ తన చిక్కుడు మళ్ళను చంపుతోందని, చెట్టు కొట్టించమని అతడు ఊరిపెద్దల చుట్టూ ఇరవై ఏళ్ళు తిరిగాడు. నీడ కంచె దాటనే దాటదని రాదుల్ ఇరవై ఏళ్ళు ప్రమాణాలు చేశాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి చాలాకాలమైంది. చెట్టుకు ఇంతకంటే పనికిమాలిన వకీలును దేవుడు సృష్టించలేడు.

పండగ సాయంత్రం, మగవాడి చేతి రొట్టె పండగకు పనికిరాదు గనుక, నేను గుండ్రటి రొట్టె కాల్చి తీసుకెళ్ళాను. బల్ల మీద రెండు కంచాలున్నాయి. మా ఊళ్ళో ఆ పూట పోయినవాళ్ళకూ కంచం పెడతాం. నెదా కంచంలో సంత అక్రోటు ఒకటి ఉంది. రాదుల్ నన్ను చూడనట్టే గొడ్డలి తీసుకుని పెరట్లోకి నడిచాడు. వెనకే వెళ్ళాను.

మంచు మోకాలి లోతుంది. అతడు చెట్టు ముందు టోపీ తీశాడు.

"కాస్తావా, నరకమంటావా?"

మాను వెనక ఎవరూ లేరు. ఎక్కడో కుక్క మొరిగింది. రాదుల్ ఆ నిశ్శబ్దాన్ని చివరిదాకా విన్నాడు.

"కాస్తావా, నరకమంటావా?"

నా వల్ల కాలేదు. "నరకొద్దు, అన్నా, కాస్తుంది," అన్నాను.

"నీ ఇల్లు వీధికి అవతల, చెల్లెమ్మా. దొంగసాక్ష్యం చెల్లదు." గొంతు మెత్తగానే ఉంది. చేయి మాత్రం గొడ్డలి కామను కిందికి జరిపి పట్టుకుంది, నరికేవాడు పట్టుకున్నట్టు.

"కాస్తావా..."

"ఆగు!"

కంచె మీద వ్లాయ్కో తల లేచింది. చేతిలో ఆవిరి కక్కుతున్న చిక్కుడుగింజల కుండ ఉంది.

"నువ్వా? నీకేం పని?" అన్నాడు రాదుల్.

"ఒంటిగాడివి, ఏం తింటావో అని గింజలు ఉడికించి తెచ్చా. చూడు, నీ చెట్టు నీడన పెరిగి ఎలా చచ్చిపోయినట్టున్నాయో! ముందు ఒకటి చెప్పు. నీడ నా నేల మీద పడుతుందా, పడదా?"

రాదుల్ కంచె వైపు చూశాడు, తర్వాత చెట్టు వైపు.

"పడదంటే నాకు నోరు లేదు, ఇంటికి పోతా. నీ గొడ్డలి నీ ఇష్టం. పడుతుందా?"

ఇరవై ఏళ్ళ ప్రమాణాలు ఒకవైపు, నెదా గింజ ఒకవైపు. సామ్రాజ్యాలు లొంగిపోయే వేళ సేనాపతులు ఎలా నిలబడతారో చరిత్రకారులు రాస్తారు. వాళ్ళెవరూ రాదుల్‌ను చూడలేదు. అతడు గడ్డం కిందికి దించి, మంచుతో చెప్పినట్టు అన్నాడు:

"పడుతుంది."

"వినబడలా."

"పడుతుందిరా! పొద్దున్నించీ సాయంత్రం దాకా పడుతుంది, నీ పెరడంతా పడుతుంది, సరేనా?"

"సరే. అడుగు."

వ్లాయ్కో కుండతో సహా కంచె దాటి, మాను వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. కుండ అంచు మాత్రం ఇవతలికి కనబడుతోంది.

"కాస్తావా, నరకమంటావా?"

"నరకొద్దు, కాస్తాను."

రాదుల్ పెదవులు కదిలాయి. "నిరుడూ ఇదే కూశావు."

మాను వెనక గొంతు సవరించుకోవడం వినబడింది. "నిరుడు నా మీద మంచు పడింది. నీమీద ఏం పడిందని ఇంట్లోకి కట్టెలు కొట్టి పెట్టవు?"

అక్షరం పొల్లుపోలేదు. కంచె అవతల ఇన్నేళ్ళూ ఒకడు వింటూనే ఉన్నాడన్నమాట. రాదుల్ నవ్వబోయాడు, అది నవ్వుగా రాలేదు. గొడ్డలి తిరగేసి, నుదురు మానుకు ఆనించి, ఒక్కసారి తట్టాడు.

లోపల ముగ్గురం కూర్చున్నాం. గింజలు నిజంగానే చిన్నవి. రాదుల్ నెదా పేరున అక్రోటు పగలగొట్టాడు. పప్పు తెల్లగా ఉంది. "వచ్చే ఏడు మన చెట్టుది," అన్నాడు వ్లాయ్కో. 'మన' అన్న మాటకు రాదుల్ అభ్యంతరం చెప్పలేదు.

ఏప్రిల్‌లో వ్లాయ్కో, ఎవరూ అడగకుండానే, చిక్కుడు మళ్ళను తన పెరటి అవతలి మూలకు మార్చాడు. అక్రోటు చెట్టు మునుపెన్నడూ లేనంతగా పూసింది. ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది.

మే నెలలో మంచు పడింది.