మెతుకులతో అంటించిన పేజీలు

గట్టు తెగిన వరద వెళ్లిన మరుసటి ఏడాది సంగతి ఇది. నేను ఒక నదుల పుస్తకాన్ని. పిల్లల కోసం బెజవాడలో అచ్చయ్యాను. నన్ను రాసినాయన ఏటి ఒడ్డుకు ఒక్కసారే వచ్చాడు, అదీ ఫొటో దిగడానికి. అయినా రాసినవన్నీ నిజాలే.

అమలాపురంలో ఒక పుస్తకాల కొట్లో పోలరాజు అనే ముసలి జాలరి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి, కూడబలుక్కుని చదువుతాడు. మనవరాలు నూకరత్నం కథలొద్దంది, జరిగినవే కావాలంది. ఆ వరదలో పడవ బోల్తాపడి పిల్ల తండ్రి పోయాడు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

“ఈ రాజుల చరిత్ర తీస్కో బాబాయ్, బొమ్మలున్నాయి,” అన్నాడు కొట్టువాడు.

“అందరిదీ ఒకటే మొహం. మీసాలు మార్చేరంతే. చేపలదేదైనా ఉందా?”

నా అట్ట మీద పులస చేప బొమ్మ ఉంది. దాన్ని చూసి కొనేశాడు. లోపల ఇంకేముందో చెప్పడానికి నాకు నోరు లేదు.

ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని పేజీలు తిప్పాడు. మధ్యలో వరద బొమ్మ. తిరగబడిన పడవ, దాని అంచు పట్టుకున్న చెయ్యి. ముసలాయన ఆ పేజీ అంచు పట్టుకున్నాడు. చించబోయి, చదువుకునే కాగితమని ఆగాడు. కంచంలోంచి నాలుగు మెతుకులు తీసి నలిపి, ఆ రెండు పేజీలూ అంటించేశాడు. ఏరు పొంగేముందు నీటి రంగెలా మారుతుందో, ఎప్పుడు ఒడ్డెక్కాలో కూడా అక్కడే రాసి ఉంది. ఏం చెయ్యను, నోరు మూసుకున్నట్టే ఉండిపోయాను.

సాయంత్రం రత్నం నన్ను తిరగేసింది.

“తాతా, ఈ కాగితం మందంగా ఉందేంటి?”

“అచ్చులో తప్పు.”

“మెతుకు కనపడతంది. అచ్చోళ్లు మనింట్లో అన్నం తిన్నారా?”

ముసలాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“నాన్న సంగతుందా ఇందులో?”

అతను లేచి వల దగ్గరికి వెళ్లిపోయాడు. పిల్ల నన్ను మూసేసి గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే పోలరాజు తువ్వాలు తడిపి పేజీలు విడదియ్యబోయాడు. మెతుకులు రాయిలా బిగిశాయి. ఎంత నెమ్మదిగా లాగినా చెయ్యి బొమ్మ ఊడిపోయింది, అక్షరాలు చెదిరిపోయాయి. రత్నం వచ్చి పక్కన కూర్చుంది. ముసలాయన చిరిగిన చోట వేలు పెట్టాడు.

“పడవకి ఈ కొసని మీ నాన్నున్నాడమ్మా,” అన్నాడు. “ఆ కొసని నేనున్నాను.”