వరుస తప్పిన తెల్లగుడ్డ

దుమ్ముగూడెంలో మిషను కుట్టే ఇన్నమ్మ పొద్దున్నే పొయ్యి మీద టీ పెట్టేది. అది మరిగేలోపు ఒక జాకెట్టు కత్తిరిద్దామని కూర్చునేది. కత్తెర కోసం వెతుకుతుంటే గుండీల డబ్బా కనపడేది. ఇక గుండీలు రంగుల వారీగా ఏరుతూ ఉండిపోయేది, టీ మాడిన వాసన వచ్చేదాకా. మధ్యాహ్నానికి ఏడు బట్టలు మొదలయ్యేవి, ఒక్కటీ పూర్తయ్యేది కాదు. సుబ్బరత్నం కూతురి ఓణీల పండగ అయిన నాలుగు రోజులకు గానీ లంగా అందలేదు.

"నీ చేతిలో పనితనం ఉంది గానీ తలకాయలో తూనీగలున్నాయే ఇన్నమ్మా!" అని అరిచి వెళ్లింది సుబ్బరత్నం.

ఇన్నమ్మ ఏడ్చింది. తనది బద్ధకం కాదని ఆమెకు తెలుసు. ఎలా చెప్పాలో తెలియదు.

మర్నాడు లేచేసరికి బట్టలన్నీ అల్మారా దిగి, మిషను ముందు బడిపిల్లల్లా వరుసగా నిలబడి ఉన్నాయి. ముందున్నది కుట్టి పక్కన పెడితేనే రెండోది ఒక అడుగు జరిగేది. మధ్యలోది పట్టుకోబోతే చేతికి చిక్కేది కాదు. గిరాకీలు వచ్చి, "నాది ఎన్నోదే?" అని లెక్కపెట్టుకుని, వరుస తొక్కకుండా పక్కనుంచి పోయేవాళ్లు. ఆ నెల అందరి బట్టలూ చెప్పిన రోజుకే అందాయి.

ఆగస్టులో తండా నుంచి పూలి అనే పిల్ల యూనిఫాం కుట్టమని తెల్లగుడ్డ తెచ్చింది. ఆ పిల్లకు ఖమ్మంలో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది.

"జల్దీ ఏం లేదక్కా. చేరేటందుకు ఇంకా పదిరోజులున్నది."

తెల్లగుడ్డ చివర నిలబడింది. తెల్లారేసరికి అన్నిటినీ దాటి ముందుకొచ్చేసింది. ఇన్నమ్మ దాన్ని వెనక పెట్టి వచ్చి కూర్చునేలోపు మళ్లీ ముందుకొచ్చింది. బసవపున్నయ్య చొక్కా కాస్త ఒదిగి దారిచ్చింది కూడా.

"సరే తల్లీ, నీ ఇష్టం" అని ఇన్నమ్మ రెండు రోజుల్లో కుట్టేసి కబురు పెట్టింది.

"గింత జల్దీ ఏందక్కా?" అంది పూలి.

"నన్నడిగితే నాకేం ఎరుక? అదే ముందుకొచ్చింది. బట్టలు తయారైనయ్ గద, ఇంక ఈడ ఏం జేస్తవ్? బస్సెక్కు."

పూలి నవ్వింది. ఖమ్మంలో మేనత్త బాలి ఉంది. సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది.

మర్నాడు గోదారి పొంగింది. ఖమ్మం పోయే భద్రాచలం రోడ్డు పన్నెండు రోజులు నీళ్లలోనే ఉంది.

దారి తెరిచాక మొదటి బస్సులో పూలి ఉత్తరం వచ్చింది. "అక్కా, మొదటి రోజే చేరిన. నేను రాకుంటే నా సీటు తీసుకుందామని ఒక పిల్ల గేటు కాడ్నే నిలబడ్డది."

ఉత్తరం మూడు పేజీలు. ఇన్నమ్మ మధ్యలో ఎక్కడా లేవకుండా చివరిదాకా చదివింది. చదివి, మళ్లీ మొదటి పేజీకి తిప్పింది.