మోత ఆగిన గల్లీ

మోత.

సూరత్ గోడాదరాలో గాలి అంటేనే మోత. సాంచెల మోత. గోడల్లో, కంచాల్లో, పళ్ల సందుల్లో — రాత్రీ పగలూ మరమగ్గాల మోత.

ఇవాళ అది లేదు.

సాంచెలు ఆగిపోయాయి. సూరత్‌లో ప్లేగు అన్నారు. నిన్నటిదాకా పుకారు... ఈ పొద్దున పక్క గల్లీలో శవం. మధ్యాహ్నానికి అందరూ మూటలు కట్టారు.

భాగీరథికి ప్లేగు కన్నా ఈ నిశ్శబ్దమే ఎక్కువ భయం.

ఆ మోత కింద ఆమె ఒకటి దాచుకుంది. దారం కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చుని, పెదాలు కదిలిస్తూ, ఏసుకు ప్రార్థన చేసుకునేది. పక్కనున్న మనిషికి కూడా వినపడదు. కూరగాయలకని వెళ్లి, ప్రార్థన జరిగే ఇంటి కిటికీ కింద నిలబడి నేర్చుకున్న మాటలవి. లోపలికి ఒక్కసారీ అడుగు పెట్టలేదు.

పెడితే ఏమవుతుందో చూసింది. అదే గల్లీలో ఉండే సోమలింగం పెట్టాడు. గల్లీవాళ్లు అతని పరుపు రోడ్డు మీద పారేశారు. ఆ పరుపు మీద మొదట చెయ్యి వేసింది ఆమె భర్త — రాజమౌళి.

అందుకే మోత. మోతే ఆమె గది. మోతే ఆమె తలుపు.

దాన్నే ధైర్యం అనుకుంది, ఇన్నాళ్లూ.

పక్క మిషన్ ఐలమ్మ ఒక్కతే ఆ పెదాలు చూసింది.

"ఏందే పోరీ, దారంతోని ముచ్చట పెడ్తున్నవా? నీ మొగడు ఇంట్ల మాట్లాడడా?"

నవ్వేది. పొగాకు పళ్ల నవ్వు. వెనకా ముందూ ఎవరూ లేని ముసలి మనిషి.

ఇప్పుడు ఐలమ్మ జ్వరంతో పడి ఉంది. దగ్గితే నెత్తురు. ఆమె గదికి బయటినుంచి గొళ్లెం వేశారు. గల్లీవాళ్లే వేశారు. రోగం బయటికి రావద్దని.

సొంతూళ్ల వైపు, కరీంనగర్ పోయే లారీ వచ్చింది. మనుషుల మీద మనుషులు. ముక్కులకు దస్తీ గుడ్డలు. కళ్లు మాత్రమే కనిపించే ముఖాలు.

"జల్ది ఎక్కు," అన్నాడు రాజమౌళి పైనుంచి.

టైరు మీద కాలు పెట్టింది.

అప్పుడు వినపడింది — దగ్గు.

సాంచెలు నడుస్తుంటే వినపడేది కాదు. ఇవాళ అందరికీ వినపడింది. ఎవరూ తల తిప్పలేదు.

కిటికీ కింద విన్న మాట ఒకటి ఉంది. రోగంతో పడి ఉన్నవాళ్ల దగ్గరికి వెళితే ఏసు దగ్గరికి వెళ్లినట్టేనట. విన్న రోజు ఎంత హాయిగా ఉంది! ఇవాళ ఆ మాటే జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది.

కాలు దించింది.

"ఏందే?"

"ఐలమ్మత్త ఒక్కతే ఉన్నది."

"ఉంటే? ఆమె నీకేమైతది? దిమాక్ గిట్ల ఖరాబైందా?"

దూరపు చుట్టమని చెప్పవచ్చు. అబద్ధం నాలుక మీదికి వచ్చింది. మింగింది.

"నేను ఏసును నమ్ముకున్న."

 లారీలో ఒకామె కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది — రోగి ఎదురైనట్టు.

"ఎప్పటిసంది?"

"శానా దినాలైంది."

"నా ఇంట్లనా?"

"నీ ఇంట్లనే."

డ్రైవర్ హారన్ కొట్టాడు. చలో, చలో!

రాజమౌళి దిగలేదు. తిట్టలేదు. ముక్కుకు కట్టుకున్న దస్తీ విప్పి ఆమె మీదికి విసిరాడు. అసహ్యమో... జాలో... తేల్చుకునేలోపు లారీ మలుపు తిరిగింది.

దస్తీ కట్టుకుంది. గొళ్లెం తీసింది.

చీకటి. వాసన. మూలకు ఒరిగిన చిన్న శరీరం.

"ఎవలది?"

"నేనే అత్తా. భాగీరథిని."

"మోత లేదేంది బిడ్డా... నేను సచ్చిపోయిన్నా?"

"లేదత్తా. సాంచెలు బందైనయ్."

తల ఒళ్లోకి తీసుకుని నీళ్లు పట్టింది. సగం నీళ్లు ఎర్రగా బయటికి వచ్చాయి. కొంగుతో తుడిచింది.  నమ్ముకున్నానని చెప్పినంత మాత్రాన భయం పోలేదు.

"గిట్ల సప్పుడు లేకుంటే నాకు భయమైతది. ఏమన్న మాట్లాడు పోరీ."

ఏం మాట్లాడాలి? నోరు తెరిచింది.  తన ప్రార్థన తన చెవులతో ఆమె ఎన్నడూ వినలేదు.

"తండ్రీ..."

ఎవరి గొంతో అనిపించింది. సన్నగా, బీటలు వారినట్టు.

నేర్చుకున్న మాటలేవీ గుర్తు రాలేదు.

"తండ్రీ... ఈమెకు జరమున్నది. నీళ్లు ఆగుతలేవు. నాకు సుత భయమైతున్నది. నువ్వు రా."

"ఇనవడ్తలేదు. జర గట్టిగ."

గట్టిగా చెప్పింది. తెరిచిన తలుపులోంచి ఆ మాట గల్లీలోకి వెళ్లింది. ఖాళీ గల్లీ. తాళాలు వేసిన తలుపులు.

"ఇంకా..."

ఇంకా గట్టిగా.

ఐలమ్మ మళ్లీ అడగలేదు. దగ్గు కూడా ఆగింది.

భాగీరథి గొంతు పెంచింది.