గుర్రం బార్ వెనక సందు

మస్కట్‌లోని రూవీ పేటలో గుర్రం బార్ పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఈ రోజుకీ దొరుకుతారు. సెలవు రోజు శుక్రవారం మధ్యాహ్నం పక్కనే ఉన్న వాదీ కబీర్‌లో తెలుగువాళ్ళ రూమ్ ఏది చూసినా ఒకరో ఇద్దరో ఉంటారు. అన్నం తిని, మంచాల మీద కాళ్ళు చాపుకుని, కూలగొట్టిన వీధిని నోటితో మళ్ళీ కట్టడం మొదలుపెడతారు. సందు మొదట్లో లంగరు బార్, పది మెట్లు దిగితే మెట్ల బార్, సందు చివర గుర్రం బార్. మధ్యలో మలబారీ చాయ్ దుకాణం, బొంబాయి మంగలి, కరాచీ దర్జీ, క్యాసెట్ల అంగడి. మెట్ల బార్‌లో నెత్తిన కారేది వాన నీళ్ళని ఒకడంటాడు, కాదు ఏసీ నీళ్ళని ఇంకొకడంటాడు, దాని మీద అరగంట వాదన. ఆ వీధి ఉన్నన్నాళ్ళూ గ్లాసులోంచి తల ఎత్తి చూడని మనుషులు, అది పోయాక ఏ గోడకు ఏ రంగుండేదో చెబుతుంటే ఒళ్ళు మండదూ?

ఓబులేసుకు మండుతుంది. ఆ మాటలు మొదలవగానే చెప్పులు వేసుకుని బయటికి పోతాడు. అతనిది కడప జిల్లా. నలభై దాటాయి. పదకొండేళ్ళుగా ఒకే కంపెనీలో బ్రేకర్ మిషను పట్టి కాంక్రీటు పగలగొట్టే పని.

“ఓబులన్నకు ఆ బార్ ఊసెత్తితే పడదు” అంటాడు జిలాని. రాయచోటి మనిషి. గుర్రం బార్‌లో తొమ్మిదేళ్ళు గ్లాసులు అందించి, అది పోయాక రోడ్డుకు అవతల కొత్తగా పెట్టుకున్న మలబారీ చాయ్ దుకాణంలో చేరాడు. శుక్రవారం ముచ్చట్లకు అతనే పెద్ద. ఓబులేసుకు ఎందుకు పడదో అతనికి తెలియదు.

నిజానికి ఒకప్పుడు ఓబులేసుకూ ఆ బార్ అంటే ప్రాణమే. దాని మేడ మీద రేకుతో కోసి, నీలం రంగు వేసి నిలబెట్టిన గుర్రం ఉండేది. ఆరడుగుల ఎత్తు, ముందుకాళ్ళు గాల్లోకి లేపి, చుట్టూ బల్బులతో. ఆ ఊళ్ళో ఉత్తరాలన్నీ పోస్టు బాక్సులకు వస్తాయి. వీధుల పేర్లు ఎవరూ పట్టించుకోరు, ఇంటికి గుర్తే అడ్రసు. ఓబులేసు రూమ్‌కు గుర్తు గుర్రం, దాని వెనక సందు, పచ్చ తలుపు. టాక్సీ ఎక్కి ‘హిసాన్’ అంటే చాలు. అరబ్బీలో గుర్రమని. ఒమానీ డ్రైవరు ఇంకో మాట అడగకుండా తెచ్చి దించేవాడు.

రెండువేల ఏడులో, తుఫాను వచ్చిపోయిన నెలకు, అతని చెల్లెలు వెంగమ్మ మస్కట్‌లో దిగింది. మొగుడు పోయిన మనిషి. ఇద్దరు పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి, ఇబ్రిలో ఒక ఇంటి పనికి వచ్చింది. అర్బాబ్, ఆ ఇంటి యజమాని, వచ్చి తీసుకుపోయేలోపు ఎయిర్‌పోర్టులో అన్నాచెల్లెళ్ళకు పది నిమిషాలు దొరికింది.

“వెంగీ, ఈ కాయితం మీద నా ఫోను నంబరుండాది. కాయితాలు గుంజుకుంటారు, నమ్మలేం. నోటికి పట్టిస్తా, ఇను. ఆడ తట్టుకోలేకపోతే టాక్సీ ఎక్కు. రూవీ, హిసాన్ బార్ అను. గుర్రం బొమ్మ కనపడతాది. దాని ఎనక సందు, పచ్చ తలుపు. యేదీ, చెప్పు.”

“రూవీ. హిసాన్ బారు. గుర్రం బొమ్మ. ఎనక సందు. పచ్చ తలుపు.” బడికి పోని వెంగమ్మ ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. “బారంటే యేందన్నా?”

“వోటలు మాదిరే మే.”

ఒక ఆడమనిషి నోట్లో బార్ పేరు పెట్టి పరాయి దేశంలోకి పంపుతున్నానని ఓబులేసుకు తోచలేదు. ఆ వీధిలో మగవాళ్ళంతా దారి చెప్పుకునేది బార్ల పేర్లతోనే. వేరే గుర్తు ఒకటి ఉండాలన్న ఆలోచనే అతనికి రాలేదు.

ఆ చలికాలానికే వీధికి మూడింది. సందు సందంతా తీసేసి అక్కడ పన్నెండంతస్తుల హోటలు కడతారని తెలిసింది. కూల్చి కట్టే పని ఎవరికి వచ్చిందయ్యా అంటే ఓబులేసు కంపెనీకే. ముందు అతన్ని పచ్చ తలుపు రూమ్ నుంచి వాదీ కబీర్ క్యాంపుకు మార్చారు. మర్నాడు అదే సందులో డ్యూటీ వేశారు.

ఓబులేసుకు తిండి సయించలేదు. చెల్లెలికి చెప్పినవన్నీ పోతున్నాయి, ఆ సంగతి ఆమెకు చెప్పే దారి లేదు. ఇబ్రి ఇంటికి ఫోను చేస్తే ఎత్తిన ఆవిడ వెంగమ్మ పేరు వినగానే పెట్టేసింది. మూడుసార్లు అయ్యాక ఆ నంబరు మోగడమే మానేసింది. కడపలో ఏజెంటును పట్టుకుంటే “చెప్పిస్తాలేప్పా” అన్నాడు, అతను చెప్పించేది ఎంతో అందరికీ తెలిసిందే. ఒక శుక్రవారం ఓబులేసే ఇబ్రికి పోయాడు. ఆ ఇంటికి వెంగమ్మ వచ్చిన కొత్తలో ఒకసారి ఊరికి ఫోను చేసి చెప్పిన గుర్తు, మసీదు పక్కన తెల్ల గోడ. ఊళ్ళో ఎక్కడ చూసినా మసీదు, ఎటు తిరిగినా తెల్ల గోడలు. పొద్దు గూకేదాకా తిరిగి, గేట్ల ముందు నిలబడి తిట్లు తిని, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

ఇక మిగిలింది గుర్రమొకటే. అది కనిపిస్తే వెంగమ్మ అక్కడ ఆగుతుంది. ఆగితే ఎవరో ఒకరు చూస్తారు.

సైట్ ఇంజనీరు శ్రీరామచంద్రమూర్తిది రాజమండ్రి. గట్టిగా ఒక మాట అనని మనిషి. ఓబులేసు ఆయన దగ్గరికి పోయి ఉన్న సంగతంతా చెప్పాడు.

“గుర్రాన్ని తీసి సైటు ముందర రేకుల గోడకు కట్టుకుంటా సార్. పని అయ్యేదాకే.”

“నీ బాధ నాకు అర్థమైందయ్యా. కానీ ఫెన్సింగ్ మీద బార్ బొమ్మ ఎలా పెడతాం? ఓనర్లు చూస్తే నన్ను ఇంటికి పంపిస్తారు. చివరి దాకా మేడ మీద ఉంచుదాంలే. అంతకంటే నా చేతుల్లో లేదు.”

ఆ చివరి రోజు జనవరిలో వచ్చింది. గుర్రాన్ని గ్యాస్‌తో కోసి కింద పడేస్తామన్నారు. ఓబులేసు తానే పైకెక్కి, ఎనిమిది బోల్టులు ఒక్కొక్కటే విప్పి, తాడు కట్టి నెమ్మదిగా దించాడు. లారీలో వేసుకుపోయారు. తుక్కులోకి పోయిందనే అనుకున్నాడు.

ఆ రోజే జిలానికి పని అప్పజెప్పాడు. “మా చెల్లెలు రావచ్చు. ఒంటరిగా ఆడమనిషి ఈ రేకుల కాడ తచ్చాడతా కనపడితే పట్టుకో. నన్ను పిలువు.” జిలాని మాట తప్పే మనిషి కాదు. చాయ్ పోస్తూ ఒక కన్ను రోడ్డు మీదే ఉంచాడు. అయితే ఆ ఊళ్ళో మధ్యాహ్నం ఒంటిగంటకు దుకాణాలు మూసేస్తే మళ్ళీ నాలుగు దాటాకే తీస్తారు. ఆ మూడు గంటలూ జిలాని కూడా అందరిలాగే పడుకునేవాడు. ఆ గంటల్లో రేకుల వెనకే నేనుంటాను కదా అనుకున్నాడు ఓబులేసు.

జూన్‌లో అమ్మకు ఫోను చేస్తే వెంగమ్మ ఎత్తింది. ఊరికి వచ్చేసి రెండు రోజులైందట. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర విరిగి, వంకరగా అతుక్కుందట. ఇక పని చెయ్యలేదని వాళ్ళే పంపేశారట.

“నేనొచ్చినా అన్నా, నువ్వు చెప్పిన కాడికి” అంది.

ఫిబ్రవరిలో వచ్చింది. ఆ ఇంట్లో కొట్టడం మొదలై అప్పటికి రెండు నెలలు. నంబరు రాసిన కాగితం మొదటి వారంలోనే పోయింది. చెత్త పారేసే నెపంతో బయటికి వచ్చి టాక్సీ ఆపింది. డ్రైవరు ముసలాయన, మంచివాడు. నాలుగు గంటలు నడిపి, ‘హిసాన్’ అంటే తల గోక్కుని, తెచ్చి రేకుల గోడ ముందు ఆపి, ఖలాస్, అయిపోయిందని చెయ్యి ఊపాడు. మధ్యాహ్నం రెండు గంటల వేళ ఎండ. అన్ని దుకాణాలూ మూసి ఉన్నాయి. వెంగమ్మ రేకుల చుట్టూ రెండుసార్లు తిరిగింది. నీడలో నిలబడ్డ ఇద్దరు మగవాళ్ళను, హిసాన్ బార్ ఎక్కడని అడిగింది. వాళ్ళు మొహాలు చూసుకుని నవ్వుకున్నారు.

“మనోళ్ళేనన్నా. తెలుగే మాట్లాడుకుంటాండిరి. యీ టయములో బార్ యేం అవసరం, మేం సూపిస్తాం రా అని ఒగాయన చెయ్యి పట్టుకున్నాడు. యిడిపిచ్చుకోని టాక్సీ కాడికి ఉరికినా. యాడికి పోవల్లని డ్రైవరు అడిగె. ఆ దేశంలో నాకు తెలిసినవి రెండే జాగాలు. ఒగటి లేకపాయె.”

అందుకని ఇబ్రికే తిరిగి పోయింది. చెయ్యి విరిగింది ఆ రాత్రే.

తర్వాత ఆమే ఒక మాట అడిగింది.

“లోపల ఒగ మిషను దడదడమంటాండె. నువ్వు ఆ పొద్దు యాడుంటివన్నా?”

ఆ సైట్‌లో బ్రేకర్ ఒక్కటే.

“బర్కా ఊళ్ళో మే. నెల దినాలు ఆడ పని.”

“అదే అనుకుంటిలే. నువ్వుంటే నాకు దొరక్కుండా పోతావా.”

ఆ మాట ఏడాదిన్నర పాటు ఓబులేసును కుళ్ళబొడిచింది. నెలనెలా ఆమె చేతి వైద్యానికి పంపుతూనే ఉన్నాడు, ఫోనులో మాత్రం పిల్లల చదువుల మాట దాటి పోలేకపోయాడు. వీధిని తలచుకుని నిట్టూర్చేవాళ్ళ మధ్య కూర్చోవడం అందుకే అతనికి చేతకాదు. నవ్విన ఆ ఇద్దరూ ఈ మంచాల మీదే ఉన్నారేమో ఎవరికి తెలుసు?

రెండువేల తొమ్మిది డిసెంబరులో హోటలు తెరవడానికి పది రోజుల ముందు శ్రీరామచంద్రమూర్తి ఓబులేసును రెండో అంతస్తుకు పిలిపించాడు. అక్కడ కొత్త బార్ సిద్ధమవుతోంది. గోడల నిండా పాత సందు ఫోటోలు, నిలువెత్తువి. లంగరు బార్, మెట్ల బార్, బొంబాయి మంగలి కుర్చీ. కొత్త బార్‌లో పనికి కుదిరిన జిలాని అప్పటికే అక్కడ ఉన్నాడు. ఒక ఫోటో అంచున కనిపిస్తున్న మోచెయ్యి తనదేనని మురిసిపోతున్నాడు. పక్క ఫోటోలో పచ్చ తలుపు ఉంది. బంగారు రంగు చట్రం కట్టారు దానికి.

నేల మీద, గుడ్డ తొలగించిన చోట, గుర్రం ఉంది. కొత్తగా నీలం రంగు పూశారు.

“పారేయబుద్ధి కాక అప్పుడే స్టోర్‌లో పెట్టించానయ్యా” అన్నాడు శ్రీరామచంద్రమూర్తి సంతోషంగా. “పాత రూవీ గుర్తుండాలని ఓనరు ముచ్చట పడుతున్నాడు. విప్పింది నువ్వే కదా, బిగించేది కూడా నువ్వే అయితే బాగుంటుందని పిలిచాను.”

“అప్పుడు రేకులకు కట్టమంటే బార్ బొమ్మ అన్నారు సార్.”

“అప్పుడది బార్ బోర్డే కదా. ఇప్పుడు యాంటిక్.” అంతలోనే ఏదో గుర్తొచ్చి ఆయన మొహం మారింది. “అవునూ, మీ చెల్లెలు... దొరికిందా?”

“ఊళ్ళో ఉండాది సార్” అన్నాడు ఓబులేసు.

నిచ్చెన ఎక్కి గోడకు ఎనిమిది తూట్లు వేశాడు. డ్రిల్లు మోతకు కింద జిలాని చెబుతున్నదేమీ వినిపించలేదు. గుర్రాన్ని ఎత్తి బోల్టులు బిగించి, దిగి, కిటికీ దగ్గరికి పోయి వెంగమ్మకు ఫోను కలిపాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఈ జన్మకు చెప్పలేనని భయం పట్టుకుంది.

“వెంగీ, నేను బర్కాలో లేను మే ఆ పొద్దు. ఆ రేకుల లోపల మిషను పట్టుకోనుండేది నేనే.”

అటు గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినిపించింది.

“ముఖానికి ఎర్ర గళ్ళ తువ్వాల చుట్టుకున్నాయనా?” అంది వెంగమ్మ.

“ఊ.”

“రేకుకు తూటుండె. దాంట్లోంచి సూసినా. పని చేసే మనిషి గదా, తెలుసుంటాదని ‘అన్నా, అన్నా’ అని నాలుగు తూర్లు పిలిస్తి. యెవురైనా అన్నే గదా. ఆయన యిటు తిరగలా.”

“వెంగీ...” అన్నాడు ఓబులేసు.

“ఎసరు పొంగుతాండాది, పెడతా” అని ఆమె ఫోను పెట్టేసింది.

మళ్ళీ కలిపాడు. ఎత్తలేదు. ఇంకోసారి కలిపాడు.

“ఓబులేసూ, కాస్త దూరం నుంచి చూసి చెప్పవయ్యా” అని పిలిచాడు శ్రీరామచంద్రమూర్తి. “ఎడమ వైపు వంగినట్టు లేదూ?”

ఓబులేసు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని తల ఎత్తి చూశాడు. గుర్రం సరిగ్గానే ఉంది.