టిక్కెట్టులో కనబడని రెండున్నర గంటలు

షారన్ పిన్ని కువైట్‌లో నర్సు ఉద్యోగానికి చెన్నైలో విమానం ఎక్కిన రోజు మా అవ్వ మంచినీళ్లు కూడా ముట్టలేదు. తాత పడవ మీద వేటకు వెళ్లే కాలం నుంచీ ఆమెకు అదే నియమం. ఇంటి మనిషి సముద్రం మీద ఉన్నంతసేపు ఉపవాసం. కాలు నేల మీద పెట్టాకే ముద్ద. విమానం పోయేదీ సముద్రం మీదుగానే గదా అంది.

స్త్రీల ప్రార్థన నడిపే పక్కింటి సామ్రాజ్యమత్త ఫోన్‌లో టిక్కెట్టు చూసి అవ్వకు చెప్పింది. "పదికి బయలుదేరి పన్నెండుంబావుకు దిగుతాదంట. రెండుంబావు గంటలే, ఎలిశబెతమ్మా! మన కోట నుంచి చెన్నైకి బస్సు కూడా అంత బిర్రున పోదు!"

పిన్ని కోసం మా ఇంట్లో ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముందు రోజే డైరీలో లెక్క వేసుకున్నాను. దూరం దాదాపు మూడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు, విమానం గంటకు ఎనిమిది వందలు పోయినా నాలుగు ముప్పావు గంటలు పట్టాలి. టిక్కెట్టులో దిగే సమయం కువైట్ గడియారానిది. అది మనకంటే రెండున్నర గంటలు వెనక. చెప్పాలని నోరు తెరిచాను గానీ అంతమందిని చూసి తలుపు వెనక్కి జరిగాను.

పన్నెండుంబావుకు స్తోత్రాలతో ప్రార్థన ముగిసింది. పీతల పులుసు వడ్డించారు. అవ్వ ముద్ద కలిపి ఎత్తింది. పిన్ని ఇంకా గాల్లోనే ఉంది. ఈ ముద్ద మింగాక సంగతి తెలిస్తే అవ్వ తట్టుకోలేదు.

"తినబాక అవ్వా!" అని అరిచాను. "పిన్ని దిగేది మన రెండు ముప్పావుకు. కువైట్‌లో ఇప్పుడు పదన్నా కాలే."

"ఓయమ్మ, ఈ పిల్లకు నోరుండాదా!" అంది సామ్రాజ్యమత్త.

లెక్కంతా చెప్పాను. అవ్వ ముద్ద కంచంలో వదిలి, చెయ్యి కడుక్కుంది.

"బతికించినావే అబిగయీలూ. ఇంకో రవ్వంత ఉంటే మాట తప్పిండేదాన్ని."

ఒక్కరూ ఇంటికి పోలేదు. "పులుసు ఎదురుగా పెట్టుకోని కూర్చోవడం పెద్ద శోధనే తల్లీ," అంటూనే సామ్రాజ్యమత్త పాట ఎత్తుకుంది. పాటకూ పాటకూ మధ్య అందరూ నావైపే తిరిగేవాళ్లు.

"ఇప్పుడు యాడుండాది?"

"సముద్రం దాటేసుంటాది."

"ఇప్పుడో?"

"అత్తా, అడిగి రెండు నిమిషాలు కూడా కాలే!"

మూడుంబావుకు ఫోన్ మోగింది. "దిగినానమ్మా! బయటికొచ్చినా!" అని పిన్ని గొంతు వినబడగానే ఇల్లంతా కేకలు. చల్లారిన పులుసును ఎవరూ వేడి చెయ్యనివ్వలేదు.

రెండో ముద్ద నములుతూ అవ్వ నా వైపు చూసింది.

"టిక్కెట్టులో ఉండేదానికంటే రెండున్నర గంటలు ఎక్కువ పస్తున్నానే. మీ పిన్ని తిరిగొచ్చేటప్పుడు తగ్గిస్తారా?"

"తగ్గిస్తారవ్వా," అన్నాను, అందరికీ వినబడేలా. "టిక్కెట్టులో ఏడుంబావు గంటలని కనబడతాది. నువ్వు నాలుగు ముప్పావు పస్తుంటే చాలు."