నల్లమట్టి మరక

మా ఎగువ చేను నల్లమట్టి మరకను ముందు ఆరనివ్వాలి. తడి మీదే సబ్బు పెడితే నూలులోకి ఇంకిపోయి ఇక జన్మలో వదలదు. ఆరాక దులిపి, చన్నీళ్లలో గంట నానబెట్టి, అప్పుడు సబ్బు. దిగువ చేను మరకకు ఇంత తతంగం లేదు. అది చౌడు, ఆరితే తెల్లపొడిలా రాలిపోతుంది. ఇరవై రెండేళ్లుగా మా ఆయన బట్టలూ, మా బావగారి బట్టలూ ఉతుకుతున్నాను. ప్యాంటు చూస్తే చాలు, ఎవరు ఏ చేలో ఏ మూల తిరిగొచ్చారో చెప్పగలను. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. "పొలం సంగతి మేం చూసుకుంటాం, నువ్వు ఇల్లు చూసుకో" అని పెళ్లైన కొత్తలో మా ఆయన అన్న మాట వంటింటి గుమ్మంలో ఇంకా అడ్డంగా నిలబడే ఉంది.

ఆ రోజు బట్టలు దులుపుతుంటే బావగారు వచ్చి, ఊరి ఆఫీసు గోడకు కొత్త ప్లాను అంటించారని చెప్పారు. వచ్చే ఇరవై ఏళ్లలో ఎక్కడ సాగు ఉండాలో, ఎక్కడ గోడౌన్లు రావాలో రంగులేశారట. మా ఎగువ చేను గోడౌన్ల కిందికి పోయింది. చౌడు చేనుకేమో సాగుకని పచ్చరంగు!

"మట్టి పరీక్షలో ఎగువది ఉత్త గరుసని తేలిందట. కంప్యూటరు చెప్పాక మనమేం చేస్తాం?" అన్నారు బావగారు.

మా ఆయన అరుగు మీద కూలబడ్డారు. ఎగువ చేనంటే ఆయనకు ప్రాణం.

నాకు చప్పున ఆ పరీక్ష రోజు గుర్తొచ్చింది. రెండు నెలల కిందట, వాన వెలిసిన పూట. మగవాళ్లిద్దరూ బజారుకెళ్లారు. మట్టి కోసం వచ్చిన ఇద్దరు ఉద్యోగులు మా వరండాలో టీ తాగి పోయారు. తర్వాత నేల తుడిచింది నేనే. బూట్ల గుర్తుల నిండా ఎర్రటి గరుసు, అక్కడక్కడా పేడ ఎరువు. నల్లమట్టి చుక్క లేదు. వాన పడ్డాక ఎగువ చేలో పది అడుగులేస్తే చెప్పులు కిలో బరువెక్కుతాయి. అంటే వాళ్లు చేలోకి దిగనే లేదు. ట్రాక్టరు దిగబడకుండా ఎగువ చేను అంచున గరుసు పోయించాం. దిగువ చేను అంచున మా ఎరువు కుప్ప. రోడ్డు పక్కనే నిలబడి, ఎగువ మట్టని గరుసునీ, దిగువ మట్టని ఎరువునీ సంచుల్లో నింపుకుపోయారన్నమాట.

అదే చెప్పాను. బావగారికి చిర్రెత్తుకొచ్చింది. "ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా!"

"చెప్పాను బావగారూ. ముందు భోజనం పెట్టు, తర్వాత విందాం అన్నారు ఈయన."

మా ఆయన తలెత్తి నన్ను చూసి, మళ్లీ దించుకున్నారు.

మధ్యాహ్నం ఊరి ఆఫీసుకు నేనే వెళ్లాను. ప్లానింగు ఆఫీసరమ్మ అభ్యంతరాలు రాసుకుంటోంది.

"మీరు సాగు చేస్తారా?"

"లేదండీ. ఉతుకుతాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. "అక్కా, ప్లానుక్కూడా సబ్బు పెడతావా ఏంటి?"

ఆఫీసరమ్మ నవ్వలేదు. బూట్ల గుర్తుల దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. గోడౌన్లు వద్దనడం లేదన్నాను. చదువయ్యాక మా అమ్మాయికి అక్కడే ఉద్యోగం దొరికితే నాకూ సంతోషమే. కట్టేదేదో చౌడు మీద కట్టండి, దానికీ రోడ్డుంది. ఎగువ చేలో ఇంకిన వానే మా వీధి బావుల్లోకి దిగుతుంది. ఆ నీళ్లలో సబ్బు నురగలు కక్కుతుంది. దిగువ బోరు నీళ్లలో చేతులు పడిపోయేలా రుద్దినా నురగ రాదు.

"రేపు పొద్దున ఎనిమిదింటికి మళ్లీ తవ్విస్తాను. నేనూ చేలోకి దిగుతాను. ఎక్కడ తవ్వాలో మీరే చూపించండి. మట్టి మీరన్నట్టే ఉంటే రంగు మార్చాల్సిందే" అంది ఆఫీసరమ్మ.

ఇంటికొచ్చి, పొద్దున్నే చేనుకెళ్తున్నానని చెప్పాను.

"మరి బట్టలో?" అన్నారు బావగారు.

"మీవే కదా. మీరే చూసుకోండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తెల్లారాక చెప్పులేసుకుని గేటు తీస్తుంటే పెరట్లోంచి మా ఆయన కేక. బకెట్టు పక్కన నిలబడి, ప్యాంటును ఎవరిదో అన్నట్టు వేళ్లతో ఎత్తి పట్టుకున్నారు.

"ఇదిగో, ఈ నల్లమట్టికి చన్నీళ్లా, వేణ్నీళ్లా?"

ఈ ఇంట్లో మట్టి గురించి నన్నొకరు అడగడం అదే మొదలు.